కోను చిరిగిన స్పీకరు

పెళ్లిళ్లకీ, పెద్దకర్మలకీ, ఎలక్షన్లకీ
స్పీకర్లు అద్దెకిచ్చేవాణ్ణి నేను.
నరసాపురంలో ఎవర్నడిగినా చెబుతారు.
వాళ్లకి మాత్రం అరువిచ్చాను.
నాలుగు వందల ఎనభై రావాలి.

రొయ్యకి తెల్లమచ్చ తగిలిన ఏడాది
చెరువులు ఖాళీ అయ్యాయి,
ఐసు ఫ్యాక్టరీకి తాళం పడింది.
లోపల గోడలకి ఇంకా అమ్మోనియా వాసన.
అందులో నలుగురు:
ప్రార్థనల్లో గిటారు వాయించే ఏలియా,
లేసు అల్లిన వేళ్లతో బేసు మీటే కెజియా,
బ్యాండుమేళంలో పెద్ద డ్రమ్ము మోసిన బుల్లెబ్బాయి,
వాచ్‌మన్ కొడుకు తాతారావు
తాళంచెవి తన దగ్గరుంది కాబట్టి.

కువైట్‌లో ఇంటిపని చేసే ఏలియా పిన్ని
సేఠు కొడుకు చెత్తలో పారేసిన క్యాసెట్టొకటి
సబ్బుబిళ్లల మధ్య పెట్టి పంపింది.
ఏ భాషో తెలీదు.
ఏడుస్తున్నాడో తిడుతున్నాడో తెలీదు.
"మన మేళం తడిసిపోతే ఇలాగే మోగుద్దిరా"
అన్నాడు బుల్లెబ్బాయి.

పర్ర అని పేరు పెట్టుకున్నారు.
వరి మొలవని ఉప్పునేల పేరు.
మొదటిసారి క్రిస్మస్‌కి వాయిస్తే
రెండో పాటకే పాస్టరుగారు ఫ్యూజు పీకేశారు.
తర్వాత చేపల రేవులో.
ఆ తర్వాత మొగల్తూరు నుంచి
లారీలెక్కి వచ్చారు కుర్రాళ్లు.
పాలకొల్లులో కుర్చీలు విరిగాయి.
కుర్చీలూ నావే.

ఏలియా గొంతంటారా,
పంటు రేవుకి ఒరుసుకున్నప్పుడు
ఇనుము అరుస్తుంది చూడండి, అది.
నాన్న పేరు ఎత్తేవాడు కాదు,
చెరువు గట్టు మీద దొరికిన డబ్బా పేరూ ఎత్తేవాడు కాదు.
"నీళ్లు మార్చండి, నీళ్లు మార్చండి"
అంతే, ఆ ఒక్క ముక్క
పదకొండు నిమిషాలు.
నా స్పీకరు కోను అప్పుడే చిరిగింది.
ఆపమందామని లేచాను
కానీ చిరిగాకే బాగుంది.

మూడు వందల క్యాసెట్లు కాపీ తీశాం.
రెండు జిల్లాలూ తిరిగాయవి, నాకు పైసా రాలేదు.
తొంభయ్యారు తుపానుకి
ఫ్యాక్టరీ రేకులు లేచిపోయాయి,
డ్రమ్ము ఒకటి ఉప్పుటేట్లో తేలిందట.
కెజియా కువైట్ వెళ్లింది.
బుల్లెబ్బాయి మళ్లీ మేళంలో కలిశాడు.
తాతారావు సంగతి నాకు తెలీదు.
ఏలియా పంటు మీద టికెట్లు కోస్తాడు,
ఇప్పుడు గట్టిగా మాట్లాడడు.
నా దగ్గర మాత్రం ఎప్పుడూ డబ్బులు తీసుకోలేదు.
ఆ లెక్కన ఎప్పుడో తీరిపోయుంటుంది అప్పు,
నేనే రాసుకోలేదు.

చెరువులు మళ్లీ వచ్చాయి.
రాత్రులు ఏరేటర్లు తిరుగుతుంటే
కాపలా కుర్రాళ్లు నిద్రాపుకోడానికి
"నీళ్లు మార్చండి" అని అరుస్తుంటారు, ఆ వరసలోనే.

మొన్న డిగ్రీ చదివే పిల్లొకతి వచ్చింది,
చేతిలో గిటారు, చెప్పులకి బురద.
చిరిగిన స్పీకరు కావాలంది.
కొత్త కోను వేయించి ఇస్తానంటే
వద్దు బాబాయ్, ఆ చిరుగే కావాలంది.
అక్కడే పెట్టి మోగించింది.
కొట్టు ముందు గేదె ఉలిక్కిపడింది,
నాకు మెడ మీద వెంట్రుకలు లేచాయి.

ఏలియాకి చెప్పనా అన్నాను.
ఎవరాయన, అంది.

పంటు మీద టికెట్లు కోస్తాడులే,
అన్నాను.