చిగుళ్ళకు తెలుసు

జోంబాలో మా పళ్ళ ఆస్పత్రి వరండాకి
నాలుగడుగుల గాజుతొట్టి వచ్చినప్పుడు
అడుగున పరచడానికి నేనే కొనుక్కొచ్చాను
నీలం రంగు గులకరాళ్ళు, రెండు సంచులు.
బ్లాంటైర్ కొట్టువాడిచ్చిన రసీదు
ఇంకా నా సొరుగులోనే ఉంది.

బాంబో లాయిటన్ చిర్వా గుమ్మం బయట చెప్పులు విడిచి
సంచిలో చెయ్యి పెట్టాడు.
ఒక రాయి తీసి నోట్లో వేసుకున్నాడు.
పటికబెల్లం ముక్కలా అటు తిప్పి, ఇటు తిప్పి
అరచేతిలోకి ఊసి
"అంచు కోస్తోంది" అన్నాడు.

ఆయనకి ముందు పళ్ళు లేవు.
ముప్ఫై ఏళ్ళు సరస్సు అడుగున
గాలిగొట్టం కరిచిపట్టుకుని
రంగురంగుల చేపల్ని వలలోకి అదిలించి
విమానాలెక్కించిన మనిషి.
పళ్ళు ఒక్కొక్కటే నీళ్ళకిచ్చేశాడు.
డాక్టర్ నిరోంగోతో ఒప్పందం:
తొట్టి ఈయన కడతాడు,
పళ్ళు ఆయన కడతాడు.
డబ్బు మాట లేదు.

"రంగు చూసి కొన్నావమ్మాయీ.
ఈ చేపకి చేతుల్లేవు.
తవ్వాలన్నా నోరే, మొయ్యాలన్నా నోరే,
పిల్లల్ని దాచుకోవాలన్నా నోరే.
దాని నోట్లో మట్టి కొట్టినా సంతోషిస్తుంది,
రాయి మాత్రం కొట్టకు."

మర్నాడు మినీబస్సు దిగాడు
మొక్కజొన్నపిండి సంచి నిండా ఇసుకతో.
సెంగా దగ్గర, అలలు వెనక్కి తగ్గేచోట
మోకాటిలోతులో తవ్వినదట.
మా ఇంటి వెనక వాగులో బోలెడుందిగా అన్నాను.
"అది నిన్నటిదాకా కొండ.
ఇంకా కోపం తగ్గలేదు దానికి."

గవ్వల పొడి వేస్తే? అన్నారు డాక్టరు,
ఎక్కడో చదివి.
లాయిటన్ దానిమీద నిమ్మకాయ పిండాడు.
చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, సన్నగా బుసబుస.
"మంచిదే. సరస్సు నీళ్ళలో సున్నం కాస్త ఎక్కువే.
ఉప్పు వేసినట్టు వెయ్యండి,
ఉప్మా పోసినట్టు కాదు."

పెరట్లో పంపు కింద కడిగాం.
మొదటి బకెట్టు టీ రంగు.
ఐదోది గంజి.
పదకొండోది కూడా గంజే.
లోపల ఫోను మోగుతోంది, ఎవరికో పన్ను సలుపు,
నా వేళ్ళు నాని ముడతలు పడ్డాయి.
పదిహేడో బకెట్టు అడుగున
నా గోళ్ళు నాకు కనిపించాయి.
"ఇప్పుడు" అన్నాడు.

సోమవారం, ఇసుక వేస్తే రాలనంత జనం.
చెంపలు పట్టుకున్నవాళ్ళంతా
తొట్టి ముందరే.
నేను చపాతీకర్రతో చదును చేసిన ఇసుకని
నీలం మగచేప ఒక్క రాత్రిలో
మూలకి మోసేసింది.
నోటినిండా తీసుకుని, జానెడు ఈది, ఊసి,
మళ్ళీ వెనక్కి.
అక్కడ చిన్న గుట్ట, గుట్ట మీద పళ్ళెం లాంటి గుంట.
తొట్టి మధ్యలో మాత్రం
గాజు బోసిగా.

పదిహేడు బకెట్లు ఇందుకా! అన్నారు డాక్టరు.
"ఇసుక ఎంచడమే మన వంతు.
ఇల్లెక్కడో అది చెబుతుంది."

ఆగస్టులో పళ్ళొచ్చాయి.
అద్దంలో కొత్త మనిషెవరికో నమస్కారం పెట్టినట్టు
మర్యాదగా నవ్వాడు లాయిటన్.
సంచి మూల మిగిలిన ఇసుక చిటికెడు
నోట్లో వేసుకుని, ఆగి,
"ఏమీ తెలియట్లేదు" అన్నాడు.
పళ్ళు తీసి చొక్కా జేబులో
పెన్ను పక్కన పెట్టుకున్నాడు.
మళ్ళీ చిటికెడు.
"ఆఁ. ఇదీ."

నీలం రాళ్ళు పంపు కింద పోశాను, బురద కాకుండా.
వట్టికాళ్ళతో వెళ్తే గుచ్చుకుంటాయి.

ఆడచేప మూడు వారాలుగా ఏమీ తినడం లేదు.
దవడ కింద సంచిలా ఉబ్బింది, నోరు విప్పదు.
చీటీ కోసం నిలబడ్డ ముసలావిడ
గాజుకి ముఖం ఆనించి చాలాసేపు చూసి
దీన్ని కూడా చూస్తారా డాక్టరుగారు? అని అడిగింది.
దాని వంతు ఇంకా రాలేదు, అన్నాను.