పేరుకు ముందు ఖాళీ

గ్రిమ్స్‌బీ రేవు ఆఫీసులో రేడియేటర్ మీద
ఎవరివో ఊలు తొడుగులు ఆరుతున్నాయి.
మధ్యాహ్నం మూడింటికే దీపాలు.
కౌంటర్ అవతల డోరీన్ కట్‌ఫోర్త్, ఎనభై రెండేళ్లు.
కుర్చీ వద్దంది.
"మా సిరిల్ మీ చిట్టాలో ఉన్నాడా లేడా?
ఇంకేం అక్కర్లేదు."

ఇంకేం అక్కర్లేని ప్రశ్నకి
మా దగ్గర ఒక మాట ఉంది: ఎగ్జిస్ట్స్.
గ్యారీ అయితే కౌంట్ వాడతాడు,
ఇంటిల్లిపాదినీ వాకిట్లో నిలబెట్టి
తలలు లెక్కపెట్టే రకం.
ఇది అలా కాదు. తలుపు తడుతుంది,
లోపల్నుంచి ఒక్క దగ్గు వినిపిస్తే చాలు
గడప తొక్కకుండా తిరిగొచ్చేస్తుంది.
సెలెక్ట్ ఒకటి, అంటాం. ఏమిటా ఒకటి?
ఏమీ కాదు. దగ్గు.

చేపల పడవలెక్కిన యాభై వేల పేర్ల మీంచి
నా ప్రశ్న రెప్పపాటులో వెళ్లొచ్చింది.
సున్నా.

ఆవిడకి ఇంగ్లీషులో ఎలా చెప్పాలా అని చూస్తుంటే
నా నోట్లో మెదిలింది మన మాటే: లేడు.
పోయినవాడికీ అదే, పుట్టనివాడికీ అదే,
టీ తాగడానికి బయటికెళ్లినవాడికీ అదే.
ఏ లేడో నాకే తెలియకుండా
ఎలా అనను?

కట్‌ఫర్త్ అని అడిగాను. సున్నా.
కట్‌ఫోర్డ్. సున్నా.
ఆవిడ నా వేళ్లనే చూస్తోంది,
తూకం రాయిని చూసినట్టు.

అప్పుడు తట్టింది.
చిట్టాలు ఎక్కించిన కుర్రాళ్లలో ఎవడో
పేరు కొట్టబోయేముందు
బొటనవేలు స్పేస్ బార్ మీద ఆనించి
ఊపిరి తీసుకుని ఉండొచ్చు.
ట్రిమ్ అని రాసి పేరు చుట్టూ బ్రాకెట్ కట్టాను.

ఒకటి.

"ఉన్నాడు," అన్నాను.
ఏ పడవో, ఏ తేదీయో ఆవిడ అడగలేదు.
"సంతకం పెట్టకుండా ఎక్కాడన్నారు," అంది.
"ఇదే కౌంటర్లో. అమ్మతో.
పైసా ఇవ్వకుండా పంపేశారు."

గ్యారీ తల ఎత్తి మళ్లీ దించుకున్నాడు.
బయట గంగాకాకులు
ఖాళీ డబ్బాల మీద కొట్లాడుకుంటున్నాయి.
తొడుగులు అందుకుంది. ఒకటి ఇంకా తడిగానే ఉంది.
వేసుకుని, తలుపు దాకా వెళ్లి,
వెనక్కొచ్చింది.

"ఇంకోసారి అడుగు."

అడిగాను.
ఒకటి.