ఒక్క గీత

ఒంగోల్లో మా ల్యాబు మూడో అంతస్తు.
కిటికీ తీస్తే చీమకుర్తి రాళ్ల లారీల రొద,
మూస్తే ఎలకల వాసన.
నా ఉద్యోగం పేరు రీసెర్చ్ అసిస్టెంట్.
ఊళ్లో అడిగితే "మెదడు మీద పరిశోధన" అంటాను.
నిజానికి పొద్దున్నే ఎనిమిదింటికి
నలభై ఎనిమిది సీసాలు కడుగుతాను,
బోనుల్లో ఊక మారుస్తాను,
తోక మొదట్లో పట్టి ఒక్కోదాన్నీ తూకం వేస్తాను.
కరవకుండా ఎలా పట్టుకోవాలో
పుస్తకంలో లేదు, మస్తాన్‌వలి చేతుల్లో ఉంది.
"నీ బయం నీకంటే ముందు దానికి తెలుస్తదయ్యా" అంటాడు.

మాస్కు పెట్టుకునే పని దొరకడం నా అదృష్టం.
ఇంటర్వ్యూలో నోరు తెరిచి నవ్వలేదు.
కనిగిరి అవతల మా ఊరి బోరు
నా పళ్ల మీద గోధుమరంగు గీతలతో
చిన్నప్పుడే సంతకం పెట్టింది.
మా పెదనాయన్ని వెనక నుంచి పిలిస్తే
మెడ తిప్పడు,
బండి మళ్లించినట్టు మనిషంతా తిరుగుతాడు.

మేం చూసేది అదే:
ఆ నీళ్లు ఎముక దాటి
ఇంకెంత లోపలికి పోతాయని.

మూడు గుంపులు. పసుపు టేపు, నీలం టేపు, ఎర్ర టేపు.
ఏ టేపు ఏ నీళ్లో కోటిరత్నం మేడమ్‌కే తెలుసు.
"నీకు తెలియకపోవడమే నీ పని" అంది మొదటి రోజే.
తెలియనందుకు జీతమిచ్చే చోటుందంటే
మా ఊళ్లో నమ్మరు.

గుండ్రటి తొట్టి. పాలపొడి కలిపిన నీళ్లు.
అడుగున ఎక్కడో కనపడకుండా అరచేతంత మెట్టు.
గోడ మీది అట్టముక్క త్రిభుజాన్నీ, నల్ల చుక్కనీ
గుర్తుపట్టుకుంటూ ఎలక
నిన్నటి మెట్టు తలుచుకోవాలి.
అరవై సెకన్లు. నా బొటనవేలు స్టాప్‌వాచ్ మీద.
దొరక్కపోతే నేనే తీసుకెళ్లి ఎక్కిస్తాను.
తువ్వాల్లో చుడితే దాని గుండె
నా చేతిలో కుట్టుమిషను.

ఆషాఢంలో ఒక సాయంత్రం కరెంటు పోయింది.
ఇన్వర్టర్ లైటు కింద, బోర్లించిన సీసాలు ఆరుతున్నాయి.
ఎర్ర టేపువాటికి మాత్రం మెడ దగ్గర తెల్లటి వలయం.
ఆ తెలుపు నేనెరుగుదును.
అమ్మ చింతపండుతో తోమీ తోమీ
ఓడిపోయి వదిలేసిన బిందె మెడ అది.
నాలుక కొన పెట్టబోయి ఆగాను.
అక్కర్లేకపోయింది. పళ్లకి తెలిసిపోయింది.

మర్నాడు ఎర్ర టేపు, పదకొండో నంబరు.
మెట్టుకి జానెడు దూరంలోనే తిరుగుతోంది,
అక్కడే, మళ్లీ అక్కడే,
పిలుపు ఎటు నుంచో తేలక
మా పెదనాయన తిరిగినట్టు.
బొటనవేలు నొక్కేసింది.
ముప్పై ఎనిమిది.
నోట్లో లెక్కపెడుతూనే ఉన్నాను,
అది నిజంగా ఎక్కేసరికి నలభై ఒకటి.
మా ఊరి తరపున
మూడు సెకన్ల లంచం.

మధ్యాహ్నం క్యారేజీ విప్పి ముద్ద కలిపాక
అప్పుడు తట్టింది:
ఎలకని గెలిపిస్తే
గెలిచేది నీళ్లు.

చెయ్యి కడుక్కుని మేడమ్ గదికెళ్లాను.
ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.
కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి,
"కొట్టెయ్యి. ఒక్క గీతే.
రుద్దకు, తెల్లరంగు పూయకు.
కింద ఏముందో ఎవరైనా చదవగలగాలి.
పక్కన కారణం రాసి సంతకం పెట్టు.
రేపట్నుంచి తొట్టి దగ్గర నువ్వొద్దు" అంది.

ముప్పై ఎనిమిది మీద గీత గీశాను.
"సీసా గుర్తుపట్టాను" అని రాస్తుంటే
జాగా చాలక అక్షరాలు మార్జిన్లోకి పోయాయి.
మాలకొండయ్య అని పూర్తిగా రాశాను,
పొట్టి సంతకం సరిపోదనిపించింది.

ఇప్పుడు సీసాలన్నీ వెనిగర్‌తో తోముతున్నాను,
ఏ మెడకీ ఏ తెలుపూ మిగలకుండా.
కావలి నుంచి కొత్తగా చేరిన పెంచలకుమారి
స్టాప్‌వాచ్ మెళ్లో వేసుకుని వచ్చి అడిగింది:
"ఎర్రవి ఏం నీళ్లన్నా?"

"తెలీదమ్మా" అన్నాను,
మాస్కు ముక్కు మీదికి లాక్కుంటూ.