తగినంత

పీణ్యాలో పదిహేడేళ్లు లేతు ముందు నిలబడ్డవాణ్ణి.
వెంట్రుక మందంలో సగం తేడా వస్తే
ముక్క తుక్కులోకి పోయేది,
నా జీతంలోంచి కాస్త దాని వెంట పోయేది.
షెడ్డు మూతపడ్డాక
వంటిల్లు నా చేతికొచ్చింది.
హేమవతికి ల్యాబులో పొద్దుటి షిఫ్టు,
ఇందుజకి ఏడున్నరకి బడి బస్సు.
రెండు డబ్బాలు. ఏడు లోపల.

మొదటి వారం ఆలుగడ్డ వేపుడు.
రెండో వారం కూడా.
మూడో వారం మూత తీయకుండానే
"నాన్నా, ఇవాళ గుండ్రమా, పొడుగా?" అంది పిల్ల.
రోషమొచ్చింది.
సంచీ పట్టుకుని దాసరహళ్లి సంతకి పోయాను.

బోసినోటి తాత మూతి ముడిచినట్టు
ఆకుపచ్చటి కాయ ఒకటి.
బెంగుళూరు వంకాయ కిలో ఎంతమ్మా?
బండి దగ్గరామె తల అడ్డంగా ఊపింది.
ఇది సీమె బదనెకాయి, అంది.
మనమేమో దాన్ని బెంగుళూరు మీదకి తోశాం,
బెంగుళూరేమో ఏదో ఓడ మీదకి తోసింది.
తీరా చూస్తే వంకాయే కాదు పాపం.
సొంతూరేదని నేనూ అడగలేదు,
అరకిలో తూయించాను.

హిందూపురంలో అత్తకి ఫోను చేశాను.
"ఉప్పు తగినంత, చింతపండు తగినంత."
తగినంత అంటే ఎంతత్తా?
"తగినంతేనయ్యా. ఎంతేమిటి?"
పక్కింటి పుట్టలక్ష్మమ్మని అడిగితే
"స్వల్ప హుళి, స్వల్ప బెల్ల" అంది.
గోలీ అంతా, గోరంతా?
"స్వల్ప!" అని రెండు వేళ్లు దగ్గరగా పెట్టి చూపించింది.
ఆ వేళ్ల మధ్య సందు కొలవడానికి
నా దగ్గర వెర్నియరుంది,
పాత పెట్టెలో, నూనెగుడ్డలో చుట్టి.
తెద్దామని లేచాను కూడా.

కేలండరు వెనక రాసుకుంటూ వచ్చాను.
మంగళవారం: పప్పులో వేశాను.
ముక్క కరిగిపోయింది, పప్పుకి ఆ సంగతే తెలీదు.
గురువారం: గుత్తివంకాయలా నాలుగు పక్షాలు చేసి కారం కూరాను.
పైన మాడింది, లోపల పచ్చి.
హేమ రెండు గ్లాసుల నీళ్లు తాగింది, ఒక్క మాటనలేదు.
శనివారం: కొబ్బరి, మిరియాలు. ఇందుజ పదికి నాలుగిచ్చింది.
అందులో ఒకటి జాలి మార్కట.

సోమవారం చెక్కు పారేయబోయి ఆగాను.
వేళ్లకి జిగురు పట్టింది,
సబ్బుకి లొంగని జిగురు, కటింగ్ ఆయిలులా.
చేతులు చూసుకుంటూ కాసేపు సింకు దగ్గరే నిలబడ్డాను.
ఎనిమిది నెలలైంది అవి అలా ఉండి.

చెక్కు నూనెలో మగ్గింది,
పచ్చిమిర్చి చిట్లింది,
నువ్వులు చిటపటమన్నాయి.
మిక్సీ ఆపి ఆపి తిప్పుతుంటే
దాని గొంతు మారింది.
చెయ్యి దానంతటదే మీట ఆపేసింది.

లేతు మీద టూలు మొద్దుబారితే
చప్పుడు ఇలాగే మారేది.
ఏ డ్రాయింగులోనూ రాసి ఉండేది కాదది.
కొలతలన్నీ కాగితం మీద ఉన్నా
చెవి రిక్కించుకునే ఉండేవాణ్ణి,
పదిహేడేళ్లూ.

ఉప్పు చూడకుండా వేశాను.

సాయంత్రం రెండు డబ్బాలూ ఖాళీగా వచ్చాయి.
హేమ డబ్బాలో అడుగున
వేలితో తుడిచిన గీతలు.
ల్యాబులో కల్పన రేపు తనకీ తెమ్మందట.
కేలండరు తిప్పి రాశాను:
సోమవారం, తొక్కు పచ్చడి, ఉప్పు
అక్కడ పెన్ను ఆగింది.
ఎంత వేశానో నాకూ తెలీదు.

మర్నాడు కల్పన కోసం మళ్లీ చేశాను.
ఉప్పెక్కువైంది.
హేమ పెరుగు డబ్బా కూడా పట్టుకుపోయింది.

ఉప్పు పక్కన ఖాళీ ఇంకా అలాగే ఉంది.
ఫ్రిజ్జులో నూల్‌కోల్ ఒకటుంది రేపటికి.
ఇక్కడ దాన్ని నవిలుకోసు అంటారు.
నవిలంటే నెమలి.
కూరకి నెమలెందుకొచ్చిందో
పొద్దున్నే పుట్టలక్ష్మమ్మని అడగాలి.