లాభం

లింట్స్‌లో మా మెట్ల కింద ఐదు చెత్తడబ్బాలు.
ఏ రంగు మూతలో ఏది వెయ్యాలో
ఏడేండ్లైనా నాకు పూర్తిగా పట్టుబడలా.
ఈడ, చిత్తూరు గ్రీమ్స్‌పేటలో,
టీపిప్పి ఒక పక్కకి, పాలకవరు కడిగి ఇంకో పక్కకి తీసిపెట్టి
"ఇది యాడెయ్యాల నాన్నా?" అంటాది ఇందుజ.
మున్సిపాలిటీ ఆటో వచ్చి
రెండూ ఒకే నోట్లో వేసుకోని పోతాది.
ఆ పూటంతా పిల్ల నాతో మాట్లాడదు.

ఆడ హైమకు ఉద్యోగం. నాకు ఇంగ్లీషు.
రొట్టెలంగట్లో వేలు చూపించి, పండ్లు కనపడేట్టు నవ్వి,
రోజుకు పది మాటలతో సంసారం ఈదుకొచ్చినాను.
ఆదివారం బట్టల మిషను వేసినామని
కిందింటి ముసలామె తలుపుకు చీటీ అంటించింది.
చదివిపెట్టింది కూడా పిల్లే.
"కోపంగా ఏం రాయలేదు నాన్నా, మర్యాదగానే రాసింది."
చీటీలో మూడు ఆశ్చర్యార్థకాలుండాయి.
నేనేం అనలేదు.

ఒకసారి మందుల షాపులో
నా కడుపునొప్పిని ఆ తెల్లకోటామెకు
నాలుగేండ్ల పిల్ల కాలిమునివేళ్ళ మీద నిలబడి జర్మన్‌లో చెప్పింది.
ఆమె నన్ను చూసి చానా జాలిగా తలూపి
ఒక పుదీనా బిళ్ళల డబ్బా చేతిలో పెట్టి
దుడ్లు వద్దనింది.

జూన్ నెల. వళ్ళెమ్మ గంప దించింది.
బేనీషా కాయలు, తొడిమెల కాడ ఇంకా జిగురు.
"లాభం... రెండు... మూడు..."
"ఒకటి యాడ పోయింది?" ఇందుజ ఆపింది.
"ఒకటి అనకూడదు పాపా.
మొదుట్లోనే ఒంటిది అని పిలిస్తే కాయకు దిగులు పుడతాది."
పది దాటినాక వళ్ళెమ్మ అరవంలోకి జారిపోయింది.
పదిమూణు, పదినాలు...
పక్కనే ఇందుజ పెదాలు కూడా కదలతా ఉండాయి,
వేరే భాషలో.

"ఎన్నయినాయి పాపా?"
"నలభై రెండు."
"మా తల్లే! నేను ఇరవైనాలుగుకు కదా అడగతా ఉండేది.
ఇప్పించు మీ నాయనతో!"
వీధంతా నవ్వింది. పిల్ల కండ్లు నిండినాయి.
తప్పు పిల్లది కాదు.
ఆ భాషలో నాలుగు ముందొచ్చి కూర్చుంటాది,
వెనకాల ఇరవై.
నేను చెప్తే వళ్ళెమ్మ గంప అంచు మీద చెయ్యేసి ఆలోచించింది.
"చిన్నదాన్ని ముందు పిలుస్తారా ఆ ఊర్లో. మంచిదే."

కొంగుతో పిల్ల మొహం తుడిచి ఆమె చెప్పింది.
గుడియాత్తం నుంచి పెండ్లికూతురై వచ్చిన వారానికి
కడుపు పట్టుకోని 'పసి, పసి' అనిందంట.
అరవంలో అది ఆకలి.
అత్తకు తెలుగే తెలుసు.
పసిబిడ్డ అనుకోని వీధంతా బెల్లం పంచిపెట్టింది.
"రెండు దినాలు నా చుట్టూ పండగ.
అన్నం మాత్రం ఎవురూ పెట్టలా."
ఇక్కడికొచ్చి నలభై ఏండ్లు.
ఈ వీధికి ఆమె ఇప్పటికీ అరవామే.
పోతా పోతా ఇంకో కాయ గంపలోంచి తీసి
ఇందుజ ఒళ్ళో పెట్టింది. కొసరు.

రాత్రి కరెంటు పోయింది. మిద్దె మీద పండుకున్నాము.
కింద ఎవురో హారన్ మీద చెయ్యి తియ్యడం మర్చిపోయినారు.
"ఆ రోజు మందుల షాపులో ఏం చెప్పినావు?" అడిగినాను.
చానాసేపు పలకలా. నిద్రపోయిందేమో అనుకున్నా.
"కడుపునొప్పికి ఒక మాట, ఇంటినొప్పికి ఒక మాట.
రెంటికీ తోక ఒకటే నాన్నా.
నేను రెండోది చెప్పేసినా. పెద్దైనాక తెలిసింది."

ఆ పుదీనా బిళ్ళలతో నాకు నిజంగానే తగ్గింది మరి.

"ఇప్పుడు నీకేమన్నా నొప్పుందా?"
"రెండోది," అనింది.

ఏ ఇల్లని నేను అడగలేదు.
హైమ లేచి, చీకట్లోనే తడుముకుంటా పోయి,
ఆ కొసరు కాయ కోసుకోని వచ్చింది.
మూడు ముక్కలు. టెంక ఎవురికని
పిల్ల వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టింది.
లాభం, అనింది.