నాణేనికి జ్ఞాపకం లేదు

ఫ్రిజ్ నిన్న రాత్రే చచ్చిపోయింది.
గేటు ముందు చెరుకురసం బండి దగ్గర
పది రూపాయల మంచు అడిగి తెచ్చాడు మల్కయ్య,
గోనెసంచిలో, ఊకతో సహా.
స్పిరిట్ చల్లబడకపోతే డీఎన్ఏ సరిగ్గా తేలదు.
యాకుత్‌పురా స్టేషన్లోకి ఎంఎంటీఎస్ వచ్చినప్పుడల్లా
మా ల్యాబులో గాజునాళికలు
చలికి పళ్ళు కొట్టుకున్నట్టు కొట్టుకుంటాయి.

మగ్గిన అరటిపండు, చిటికెడు ఉప్పు,
గిన్నెలు తోమే సబ్బునీళ్ళు.
పిసకండి, వడకట్టండి,
గాజుగోడ వెంట స్పిరిట్ జారనివ్వండి, మెల్లగా.
ఇదేం చాయ్ కాదు, ఎత్తి తిరగబోయడానికి.

సరిహద్దు మీద
తెల్లగా ఏదో లేచింది.
పీచుమిఠాయి, అంది ఒకతి.
చీమిడి, అంది ఇంకొకతి.
రెండోదే దగ్గర.

"గిదేనా మేడం?
పుస్తకంల గన్ని మెట్లున్నయి, గన్ని మెలికలున్నయి..."
మెట్లు కంటికి కనబడవమ్మా.
కోట్ల పోగులు ఒకదాన్నొకటి పట్టుకున్న చిక్కు ఇది.
దువ్వి విడదీస్తే (అంత సన్న దువ్వెన మన కాలేజీలో లేదు)
నాలుగే అక్షరాలు.
యాభయ్యారు పెట్టుకుని మనం ఇంత వాగుతున్నాం,
ఆ నాలుగింటితోనే అరటి అరటి అయింది,
మల్కయ్య మల్కయ్య అయ్యాడు.
ఇద్దరిలోనూ కొన్ని వాక్యాలు ఉమ్మడి.
మల్కయ్య తొక్క వైపు చూశాడు,
దూరపు మేనల్లుడెవరో ఇంటికొచ్చినట్టు.

నకలు రాసేటప్పుడు చెయ్యి తప్పుతుంది.
బోర్డు మీద 'కళ్ళు' అని రాశాను.
మా గల్లీల 'కండ్లు' అంటరు, అంది తహూరా.
సరే. అక్షరం మారింది, చూపు మారలేదు.
అలాంటి తప్పులు మన ఒంట్లో బోలెడు,
చడీచప్పుడు లేకుండా కాపురం చేస్తున్నాయి.
ఇప్పుడు ళ తీసి ల పెట్టాను: 'కల్లు'.
క్లాసంతా నవ్వింది.
చూడాల్సినది కాస్తా తాగాల్సినదయింది.

వెనక బెంచీ కింద దోమలు.
మూసీ ఒడ్డున తిరిగి తిరిగి పొగబండే అలిసిపోయింది.
"మందుకు అలవాటు పడ్డయి మేడం, నేర్చుకున్నయి."
ఏ దోమా ఏదీ నేర్చుకోలేదు.
చచ్చేవి చచ్చాయి.
ఎక్కడో ఒకదాని నకలులో ముందే ఓ తప్పు పడి ఉంది,
ఆ తప్పే దాన్ని కాచింది.
ఇప్పుడు నీ మడమ మీద వాలింది దాని మునిమనవరాలు.
పరిణామం హాజరుపట్టీ లాంటిది,
మిగిలినవాళ్ళ పేర్లే పిలుస్తుంది.

చివరి పావుగంట.
రెండు రూపాయి బిళ్ళలు తీశాను.
బొమ్మ బాగున్న జన్యువు, బొరుసు దెబ్బతిన్నది.
తల్లి చేతిలో ఒక బిళ్ళ, తండ్రి చేతిలో ఒకటి.
రెండూ బొరుసు పడితేనే బిడ్డకు జబ్బు.
నాలుగింట ఒకటి, అంటూ నాలుగు గళ్ళు గీశాను.
రాసుకున్నారు.

రాసుకోనిది ఫర్ఖందా ఒక్కతే.
"మా అమ్మీ గిట్లనే లెక్క చేసింది మేడం.
పెద్ద తమ్మునికి తలసేమియా.
ఒక గడి నిండింది, ఇంక మూడు మంచివే, ఫికర్ లేదు అనుకున్నది.
చిన్నోనికి గూడ అదే.
మూడు వారాలకోసారి రక్తం ఎక్కిపియ్య తీస్కపోతం,
ఇద్దర్ని, ఒకే ఆటోల."

రైలు వచ్చింది. నాళికలు మోగి, ఆగాయి.
పద్దెనిమిదేళ్ళుగా గీస్తున్నాను ఈ గళ్ళు,
నున్నగా, స్కేలు పెట్టి.
నాణేనికి జ్ఞాపకం లేదమ్మా, అన్నాను.
ప్రతిసారీ మొదటిసారిలాగే ఎగురుతుంది.
"గదే మేడం. గదొక్కటే ఎవ్వరు చెప్పలె."

గళ్ళు తుడవలేదు.
వాటి కింద రాశాను: ప్రతి కాన్పుకీ, మళ్ళీ కొత్తగా.
సుద్దముక్క విరిగింది.
ఈసారి ఆమె రాసుకుంది.

బెల్లు కొట్టాక, నాళికలు కడగడానికి వెళ్తూ
నా బల్ల దగ్గర ఆగింది.
ఒక బిళ్ళ బొమ్మ పైకి, ఒక బిళ్ళ బొరుసు పైకి
పక్కపక్కన పెట్టింది.
"నా టెస్టు అయింది మేడం. నేను గిట్ల."

మల్కయ్య మంచునీళ్ళు బయట పారబోస్తున్నాడు.
బిళ్ళలు తీసి పర్సులో వేసుకోవాలి,
ఆటోకి చిల్లర కావాలి.