నాలుగు గులకరాళ్ళు

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ పక్కన
లారీలు తూచే కాటా,
కాటా గది మీద నా గది, దాని ముందు డాబా.
వాన కారకుండా తారు పోసి కంకర పరిచారు.
ఆ కంకరలో నాలుగు రాళ్ళు రాళ్ళు కావని
ఏప్రిల్ ఆఖర్లో బట్టలారేస్తూ తెలిసింది.
వెయ్యబోయిన అడుగు గాల్లోనే ఆపుకున్నాను.

తీతువు.
పసుప్పచ్చ కాళ్ళు, కంటి ముందు ఎర్రటి తోలు.
నా నెత్తి మీదుగా గిరికీ కొట్టి
ఊళ్ళో దొంగలు పడ్డట్టు అరిచింది.

కింద మిర్చి తొడిమలు తీసే సాంబ్రాజ్యం తలెత్తి
"తోలెయ్ అబ్బాయ్ దాన్ని,
తీతువు కూసిన గడపలోంచి పాడె లేస్తది" అంది.
ఆ గడపలో ఉండేది నేనొక్కణ్ణే.
ఆ సంగతి ఆమెకీ తట్టినట్టుంది,
చేట దులుపుకుని ఇంకో బస్తా విప్పింది.

రోళ్ళు పగిలే ఎండ. డాబా పెనం.
గూడు లేదు, గడ్డిపరక కూడా లేదు.
పొదగడమంటే వెచ్చజేయడమనుకునేవాణ్ణి.
ఇది గుడ్ల మీద గొడుగులా నిలబడింది,
ముక్కు తెరిచి రొప్పుతూ,
మొగుడొచ్చి మారేదాకా.
మారగానే దిగి, స్టోరేజీ పైపు కారే గుంటలో
కూర్చుని, పొట్ట నానబెట్టుకుని,
ఎగిరొచ్చి ఆ తడిని గుడ్లకి అద్దింది.
పన్నెండింటి నుంచి మూడింటి దాకా
ఒకరోజు లెక్కపెట్టాను. పంతొమ్మిది సార్లు.
గోడకి అవతల, చీకట్లో,
లక్ష బస్తాల మిర్చి చల్లగా నిద్రపోతోంది.

ఒక పొద్దున మూడే ఉన్నాయి.
మెట్ల కింద పాత గోనెల్లో ముంగిస కాపురం,
నాకు తెలుసు. కర్ర తీసుకుని దిగాను.
గోనె ఎత్తితే
మూడు బుల్లి ముట్టెలు నన్ను వాసన చూశాయి.
ఒకదాని మీసాలకి సొన అంటుకుని ఎండిపోయింది.
తల్లి నాకెదురుగా ఒళ్ళంతా పొంగించి నిలబడింది,
తోక సీసాలు కడిగే బ్రష్షంత లావు.
కర్ర గోడకానించాను. గోనె మళ్ళీ కప్పాను.
ఎవరి మీద కోపమో తేలక
ఆ పూట అన్నం సయించలేదు.

"ఉన్నాయా ఇంకా?" రోజూ పొద్దున్నే
తోలెయ్యమన్న మనిషే అడిగేది.
పైకి మాత్రం రాదు.
"మిర్చి చేతులు నాయనా, నా కళ్ళే నేను తుడుచుకోను."
ఆ మర్నాడు ఆఖరి మెట్టు మీద సత్తు పళ్ళెం,
దాన్నిండా నీళ్ళు. ఎవరు పెట్టారని నేనడగలేదు.

రోహిణి కార్తె రెండో రోజు రెండు పగిలాయి.
ఒకటి పగల్లేదు.
పుట్టిన పూటకే పరుగులు, పుల్లల్లాంటి కాళ్ళ మీద
కంకర రంగు దూది.
మర్నాడు తల్లీతండ్రీ కిందికి దిగి పిలవడం మొదలెట్టారు.
పన్నెండడుగుల ఎత్తు. కింద సిమెంటు.
నేను పిట్టగోడ దగ్గర చేతులు నలుపుకుంటుంటే
సాంబ్రాజ్యం ఖాళీ గోనెలు ఈడ్చుకొచ్చి
గోడ వారన గుట్ట పోసింది.
గుమ్మరించిన గోనెల్లోంచి ఘాటు లేచి
ఇద్దరం తుమ్ముతుండగానే
మొదటిది దూకింది.
నీళ్ళు పోయే తూములోంచి రెండోది జారింది.

ఇరవై టన్నుల తేజ వేసుకుని
మస్తాన్‌వలి లారీ కాటా ఎక్కబోతోంది.
చెయ్యెత్తాను. హారన్ దాకా వెళ్ళిన చెయ్యి అతనూ తీసేశాడు.
ముందు తల్లి, వెనక రెండు పిల్లలు,
ఇనప పలక మీదుగా అడ్డంగా నడిచిపోయాయి,
చివర తండ్రి, మా ముగ్గుర్నీ తిడుతూ.
తెర మీద సున్నా. మొత్తం దాటేదాకా సున్నాయే.

"ఎంత తూగాయేంటి?" అంది సాంబ్రాజ్యం.
కాటా సరిగ్గా లేదన్నాను.

డాబా మీద ఒకటి మిగిలిపోయింది.
మొన్న వెతికాను.
కంకరలో అదేదో పోల్చుకోలేకపోయాను.